మంద వెనుక నడిచే తల్లి

కిందటి వారం మనం కోటేష్‌ను బద్యా కొట్టం ముందర, ప్రాణం పోయిన ఎద్దు తలాపున, పదిమంది తిట్ల మధ్య నిలబెట్టి వచ్చాం. తొలకరి వానల వెంటే వాగొడ్డు తండాలోకి గొంతువాపు రోగం అడుగుపెట్టింది. పొద్దున మేతకు పోయిన పశువు సాయంత్రానికి గొంతు ఉబ్బి, గురక పెడుతూ కూలబడుతుంది. మరునాటికి కాళ్ళు చాపేస్తుంది. ఆ రోగం నడక అదీ. అది రాకూడదనే వానలకు ముందు ఇంటింటికీ తిరిగి ప్రతి పశువుకూ టీకా పొడిచినవాడు కోటేష్. ఆ తండా నుంచి, పల్లెల్లో పశువులకు వైద్యసాయం చేసే గోపాలమిత్రగా శిక్షణ పొంది వచ్చిన మొదటి యువకుడతను. తీరా టీకా పొడిపించుకున్న పశువులే ఇప్పుడు కూలుతున్నాయి. "నీ సూదే నా ఎద్దును సంపింది" అని బద్యా మీదికి వచ్చాడు. సూది చంపదని కోటేష్‌కు తెలుసు. కాపాడవలసిన సూది ఎందుకు కాపాడలేదో మాత్రం తెలియదు.

చచ్చిన ఎద్దు కంటే అతన్ని ఎక్కువగా భయపెడుతున్నది బతికి ఉన్న పశువులు. రేపు మంగళవారం. సీత్లా పండుగ. ఊరి పొలిమేరలో ఏడుగురు అక్కచెల్లెళ్ళకు గుర్తుగా నిలిపిన ఏడు రాళ్ళ ముందు యాటను, అంటే మేకపోతును, కోసి, ఆ నెత్తుటి గీత మీదుగా తండాలోని పశువులన్నిటినీ ఒక్కటిగా దాటిస్తారు. దాటే పశువుల వీపుల మీద ఆడవాళ్ళు ఉడికిన జొన్నల గుగ్గిళ్ళు చల్లుతారు. పశువును, పసిబిడ్డను కాచే తల్లి సీత్లా. ఆమె కళ్ళ ముందు మంద మొత్తం ఒకసారి నడిస్తే ఆ ఏడాదికి భయం లేదని నమ్మకం. నమ్మకం సంగతి అలా ఉంచితే, రోగమున్న పశువు, లేని పశువు మూతికి మూతి, పక్కకు పక్క రాసుకుంటూ ఇరుకు దారిన నడిచి, ఆ తరువాత ఒకే వాగులో నీళ్ళు తాగుతాయన్నది కళ్ళెదుటి సత్యం. క్రిమికి పండుగ తెలియదు. గుంపు తెలుసు.

కోటేష్ ములకలపల్లి దాకా సైకిలు తొక్కుకుంటూ పోయి, కాయిన్ బాక్సు నుంచి పశువుల డాక్టరుకు ఫోను చేశాడు. డాక్టరు వచ్చే దారిలో వాగు పొంగి ఉంది. అది తగ్గితే రేపు సాయంత్రానికి మందులతో వస్తానన్నాడాయన. "అందాకా ఒక దాన్నొకటి తాకకుండా చూడు. అదొక్కటే ఇప్పుడు నీ చేతుల్లో ఉన్న వైద్యం" అన్నాడు. 

అదొక్కటే అతని చేతుల్లో లేదు.

ఇంటికి వచ్చేసరికి తల్లి సోమ్లి పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి మీద జొన్నలు కుతకుతలాడుతున్నాయి. ఆ వాసన ముక్కుకు తగలగానే కోటేష్‌కు పొద్దుటి నుంచి అదిమిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

"నువ్వు గూడ ఉడకేస్తున్నవా, యాడీ?" అని తల్లిని నిలదీశాడు.

"ఉడకెయ్యకుంటే ఎట్ల? పచ్చి జొన్నలు తీసుకపోయి అమ్మను నమలమంటనా?"

"పొద్దున వాళ్ళంతా కలిసి నా మొఖం మీద ఉమ్మినంత పని చేసిండ్రు. రేపు నువ్వు వాళ్ళ నడుమనే గంప నెత్తిన పెట్టుకొని పాట పాడుకుంట పోతవ్!"

"వాళ్ళ కాడికి పోతలేను. అమ్మ కాడికి పోతున్న."

"ఏ అమ్మ? బద్యా ఎద్దు గురక పెడుతుంటే యాడ పండుకున్నది మీ అమ్మ?"

సోమ్లి తలెత్తకుండా ఒక పుల్లను పొయ్యిలోకి ఎగదోసింది. "గదే నోటితోని బువ్వ తినాలె కొడుకా. జర దానికి గూడ జాగ ఉంచు."

"నేను తప్పేమన్న? కాపరి కాపరి అంటరు గామెను. నువ్వు గూడ కాపరివేనాయె. బాపు పోయినంక తండా పశువులన్నిటిని కాసినవ్. ఒక్క పెయ్య తప్పిపోతే వానల తడుసుకుంట గుట్టలన్నీ తిరిగినవ్, దొరికిందాక ముద్ద ముట్టలె. గామె ఏం చేసింది? ఏడాదికొక్కసారి యాట తిని, గుగ్గిళ్ళు తిని రాయి లెక్క కూసున్నది. ఆమెకంటె నువ్వే మంచి కాపరివి."

"ఆ ముచ్చట ముందుగాల్నే చెప్పకపోతివి. గంప నీ నెత్తిన పెట్టి, నేను పోయి ఆ రాళ్ళ పక్కన కూసుంటుంటి, గుగ్గిళ్ళు నా మీద చల్లిపిచ్చుకుంట."

ఆ మాటకు నవ్వు రావలసిందే. రాలేదు. కోటేష్ గుంజకు ఆనుకొని, సబ్బుతో తోమినా పోని ఎద్దు చొంగ వాసన ఇంకా అంటి ఉన్న తన చేతులను చూసుకుంటూ నిలబడ్డాడు. అతని కోపం తల్లి మీద కాదు. తల్లి ముఖంలో కనిపిస్తున్న నెమ్మది మీద. ఇంత అన్యాయం జరుగుతుంటే, కన్నకొడుకును పశుహంతకుడని ఊరంతా వేలెత్తి చూపుతుంటే, ఈ మనిషి ఇంత నిబ్బరంగా జొన్నలు కలియబెట్టగలగడం అతనికి ఒక అవమానంలా తోచింది. 

"నీకు కోపం రాదా, యాడీ?"

"రాకేం. వస్తది. వచ్చి, పక్కన కూసుంటది. నేను దాన్ని సూసుకుంట పని ఆపను." సోమ్లి కుండలో గరిటె తిప్పింది. "మీ బాపు పోయిన పొద్దు యాదికున్నదా నీకు?"

కోటేష్‌కు గుర్తుంది. తండ్రి దూలయ్య ఒక చలికాలం మలేరియా జ్వరంతో పోయాడు. దవాఖానాకు తీసుకువెళ్ళిన ఎడ్లబండి మీదే తిరిగి వచ్చాడు.

"మనిషి పోయిండని పశువులకు తెలుస్తదా? తెల్లారంగనే పశువుల్ని కట్టేసే గాట్ల కాడ ఒకటే అరుపు. ఇంట్ల ఏడుపు ఒకదిక్కు, బయట పశువుల ఏడుపు ఒకదిక్కు. మీ బాపు కర్ర చేతికి తీసుకొని నేనే తోలుకపోయిన. గంతకుముందు ఎన్నడు అంత లోపలికి పోలె. గుట్ట ఎక్కినంక తోవ తెల్వలె. ఇగ నా తోని కాదని ఒక బండ మీద కూలబడ్డ. గాడనే సచ్చిపోతే మంచిగుండు అనిపించింది, కొడుకా. నీకు ఎన్నడు చెప్పలె గాని."

పొయ్యిలో ఒక కట్టె చిటపటలాడింది. 

"మంద ఆగలె. ముంగట ముసలావు నడుస్తున్నది, దాని ఎనక అన్నీ నడుస్తున్నయ్. కొంచెంసేపు సూసి నేను గూడ లేసిన. మంద ఎనక నేను. నా ఎనక ఇంకెవరో ఉన్నట్టు. కర్ర చప్పుడు చేసుకుంట, తొందర పెట్టకుంట వస్తున్నట్టు. తిరిగి సూడలె నేను."

"ఎందుకు సూడలె?"

"పశువు సూస్తదా, ఎనక మనిషి ఉన్నడా లేడా అని? చప్పుడు ఇనపడ్తది, నడుస్తది. ఇల్లు చేరుతది."

"కాపరి ముంగట ఉండాలె గద, తోవ సూపియ్యనీకి? ఎనక నడిచేటోడు ఏం కాపరి?"

సోమ్లి మొదటిసారి కొడుకు ముఖంలోకి సూటిగా చూసింది. "ఎన్నడన్న పశువుల్ని కాసినవా నువ్వు? చదువుకుంటివాయె. ముంగట నడిచేటోనికి తోవ కనపడ్తది. ఎనక నడిచేటోనికి మంద కనపడ్తది. ఏది కుంటుతున్నది, ఏది మేత ముడుతలేదు, ఏ దూడ ఆగిపోయింది, అన్నీ ఎనక ఉన్నోనికే ఎరుక. ముంగట యాడ ఉన్నదా అమ్మ అని నువ్వు ఎతుకుతున్నవ్. గాడ ఉండదామె."

కోటేష్ దగ్గర దీనికి సమాధానం ఉంది. తట్టుకోలేని దుఃఖంలో మనసు తనకు తానే ఒక తోడును కల్పించుకుంటుందని అతను చదివాడు. ఆ రోజు అడవిలో తన తల్లి వెనుక ఎవరూ లేరన్నది అతని దృష్టిలో నిశ్చయం. ఆమె ఆ బండ మీద నుంచి లేచి, మందతో సహా ఇల్లు చేరి, ఆ తరువాత అతన్ని పెంచి చదివించిందన్నది కూడా అంతే నిశ్చయం. ఈ రెండు నిశ్చయాలను పక్కపక్కన ఎలా నిలబెట్టాలో శిక్షణలో ఎవరూ చెప్పలేదు. ఆమెకు దక్కిన ఓదార్పును లాక్కోవడానికి అతనికి మనసు రాలేదు, దాన్ని పంచుకోవడానికి బుద్ధి ఒప్పలేదు.

అయితే ఆమె మాటల్లో ఒకటి అతనికి కొక్కెంలా తగులుకుంది.

"యాడీ, ఒకటడుగుత. బాపు కాలంల గీ గురకరోగం రాలేదా?"

"ఎందుకు రాలె? ఒకపారి వచ్చింది."

"బాపు ఏం చేసిండు?"

"ఏం చేస్తడు? మంద ఇరగ్గొట్టిండు. ఒక్కోదాన్ని ఒక్కో జాగల కట్టేసిండు. గురక పెట్టేదాన్ని అవతల చేన్ల మంచె కింద కట్టి, దాని కుడితి తొట్టి గూడ అలగ్ పెట్టిండు. దాన్ని ముట్టినంక చేతులు కడగకుంట ఇంకోదాని మీద చెయ్యి ఎయ్యనియ్యలె నన్ను. ఏ కాపరైనా గదే చేస్తడు. రోగం దిగిన మందను ఎవడన్న ఒక్కకాడికి తోలుతడా..."

చేతిలోని గరిటె కుండ అంచున ఆగిపోయింది.

 ఇక మాట్లాడవలసిన అవసరం లేదని కోటేష్‌కు అర్థమైంది. కుండ మీద ఆవిరి లేస్తోంది. సోమ్లి చాలాసేపు ఆ ఆవిరి వైపే చూసింది. ఆమె ముఖంలోని నెమ్మది మెల్లగా తొలగిపోయింది. దాని స్థానంలోకి వచ్చినదాన్ని కోటేష్ చిన్నప్పుడు ఎప్పుడో ఒకసారి చూశాడు, చేనులో పడ్డ దూడను రాయితో కొట్టిన మనిషి మీదికి ఆమె కర్ర ఎత్తినప్పుడు.

"అమ్మ గిట్ల తోలుకరమ్మన్నదని ఎవలు చెప్పిండ్రు?" అన్నదామె. ఆ అడగడం కొడుకును కాదు. "కాచేటామెకు గా మాత్రం తెల్వదా? తెలుసు. తెల్వంది మనకు."

కుండ దించింది. జొన్నలు గంపలోకి వంపి, ఆ వేడి గంప అలాగే నెత్తికెత్తుకొని గడప దాటింది.

* * *

తండా పెద్ద నాయక్ లచ్చిరాం వాకిట్లో అప్పటికే జనం చేరి ఉన్నారు. రేపటి యాట గుంజకు కట్టి ఉంది. దాన్ని తెచ్చిన పెద్దమనిషి వెంకటరామారావు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, అడవి అంచున మిరప తోటలూ పాడి గేదెలూ సంపాదించిన రైతు. తండాలో సగం మంది ఆయన తోటల్లోనే కూలికి పోతారు. ఏటా సీత్లా పండుగకు ఒక యాట పంపడం ఆయన ఆనవాయితీ. ఈసారి స్వయంగా వచ్చాడు.

"ఏమీ భయపడకండయ్యా," అంటున్నాడాయన, నిదానంగా, నిజంగానే దయతో. "మందను పుట్టించినవాడికి దాన్ని మేపడం తెలియదా? మనల్ని కాచేవాడు పైన ఉన్నాడు. ఆ చల్లని తల్లిని నమ్ముకున్నవాళ్ళు మీరు. అనుమానాలు పెట్టుకోకుండా రేపు అన్నిటినీ తోలుకెళ్ళండి. ఆవిడే చూసుకుంటుంది."

కోటేష్ ఒళ్ళు మండింది. ఇంట్లో తల్లి నోట విన్నవీ దాదాపు ఇవే మాటలు. ఆమె నోట అవి పడ్డ మనిషిని లేపిన చేతికర్ర. ఈయన నోట అవి నూర్పిడి వేళ ఎద్దు మూతికి కట్టే చిక్కం. ఆ ఎడ్లు కళ్ళంలో తిరగగలవు, నోరు తెరవలేవు.

"ఇనుండ్రి, ఇనుండ్రి," అన్నాడు లచ్చిరాం. "సారు గేదెలకు ఒక్కదానికి గూడ గురక రాలె. సారు మొక్కు గట్టిది."

"సారు గేదెలకు పాల్వంచ నుంచి డాక్టరు కారేసుకొని వచ్చి సూది పొడిచిండు, నాయక్," అన్నాడు కోటేష్. "గా సూది గూడ మొక్కుల్నే కలుస్తదా?"

వెంకటరామారావు నొచ్చుకోలేదు. చిన్నపిల్లవాడి పెంకితనాన్ని మన్నించినట్టు నవ్వాడు. "మందూ ఉండాలి, మొక్కూ ఉండాలి కోటేసూ. రెండు ఎడ్లు కడితేనే గదా బండి."

"మరి మా బండికి ఒక్క ఎద్దే ఉన్నది సారూ," అన్నాడు బద్యా వెనుక నుంచి. "రెండోది పొద్దున పోయింది. వీని చేతులనే పోయింది."

కొందరు నవ్వారు. ఆ నవ్వు మధ్యలోకి సోమ్లి గంపతో నడిచి వచ్చి, దాన్ని నాయక్ అరుగు మీద దించింది.

"నాయక్, రేపు గుగ్గిళ్ళు నేను మోస్త. అమ్మకు తీపి లాప్సి నేనే వండుత. యాటను కోయుండ్రి. పాట పాడుదాం. గాని పశువులు గాట్ల కాడనే ఉండాలె. ఒక్కటి గూడ పొలిమేర దాటొద్దు."

 వాకిట్లో అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"కొడుకు నేర్పిండు!" అన్నాడు బద్యా. "ఎద్దు సంపింది చాలక పండుగ గూడ సంపుతరట!"

"నాకు ఎవలు నేర్పలె. పశువుల్ని ఎట్ల కాయాలెనో నీ తాత గూడ నన్ను అడిగి నేర్సుకోవాలె," అన్నది సోమ్లి. "బద్యా, నీ దూడకు జ్వరమొస్తే దాన్ని నా కాడికి నడిపిచ్చుకుంట తెచ్చినవా, నేను నీ కొట్టంలకు వచ్చిన్నా?"

సోమ్లి బద్యా ముందుకు ఒక అడుగు వేసింది.

"నేనే వచ్చిన. కాపరి పశువు కాడికి పోతది. జ్వరమొచ్చిన పశువు కాపరి కాడికి నడవదు. నా అసోంటిదానికే తెలిసిన ముచ్చట అమ్మకు తెల్వదంటరా? మనం తోలుకపోకుంటె ఆమెకు మన గాట్లు దొరకవా? గంత గుడ్డిదా మన అమ్మ? గట్లనుకునేటోళ్ళు ఆమెను నమ్మినట్టేనా? మీదీ భక్తేనా?"

ఇంతవరకు దేవతను తిట్టింది కొడుకు. ఇప్పుడు దేవత పక్షాన నిలబడి ఊరిని తిడుతున్నది తల్లి.  కోటేష్ పొద్దుటి నుంచి క్రిమి అనీ, అంటు అనీ, చొంగ అనీ ఎన్ని చెప్పినా కదలని ముఖాలు ఈ మాటకు కదులుతున్నాయి. సంతోషించాలో, సిగ్గుపడాలో అతనికి తెలియలేదు.

లచ్చిరాం అరుగు దిగాడు. అతను మూర్ఖుడు కాడు. భయస్థుడు. ఆ భయానికి కారణం ఉంది.

"సోమ్లీ, నా తోడబుట్టినోళ్ళు ఇద్దరు ఒక్క వారంల పోయిండ్రు. ఒళ్ళంతా పోసి. ఆ ఏడు కరువని మా నాయిన పండుగ ఆపిండు. అమ్మ ముంగట ఏది దాటలె. ఇగ నేను నాయక్‌నై గదే తప్పు మళ్ళ చెయ్యమంటవా? ఏదో ఒకటి దాటాలె. ప్రతి ఇంటి నుంచి, ప్రాణమున్నది దాటాలె."

మశూచి పోయి ఎన్నో ఏళ్ళయింది. దాన్ని పోగొట్టింది ఏమిటో కోటేష్‌కు తెలుసు. కానీ ఆ ముసలివాడి గొంతులో ఆ ఇద్దరు పిల్లలూ ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళతో వాదించడం అతనికి చేతకాలేదు.

సోమ్లి ఒక్క క్షణమే ఆలోచించింది.

"ప్రాణమున్నదేనా? మనం దాటుదాం."

"ఏందీ?"

"మనం. ప్రతి ఇంటి నుంచి మనుషులు. పశువులు మన మంద. మనం ఆమె మంద. ఆమె ముంగట ఆమె మందనే నడిపిద్దాం. గుగ్గిళ్ళు మన ఈపుల మీదనే పడనీ."

ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వినవాళ్ళు చుట్టూ చూసి ఆగిపోయారు. అరుగు చివర చేతికర్ర పట్టుకొని కూర్చున్న ముసలి రూప్లి గొంతు సవరించుకుంది.

"నేను దాటుత. నా నడక సూసి అమ్మ నన్ను ముసలి బర్రె అనుకుంటె అనుకోనీ. ఇద్దరం ఒక్క ఈడోళ్ళమే."

ఈసారి నవ్వు వేరుగా వచ్చింది. ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చింది, మగవాళ్ళ దాకా పాకింది. బద్యా కూడా నేల చూపులు చూస్తూ, "మిగిలిన ఒక్క ఎద్దును యాడికి తోలుకపోను నేను మాత్రం," అని గొణిగాడు. లచ్చిరాం అందరి ముఖాలూ చూశాడు. చివరకు కుర్చీలోని వెంకటరామారావు ముఖం చూశాడు.

"మీ ఆచారం మీ ఇష్టం. మధ్యలో నేనెవర్ని," అన్నాడాయన చేతులు చాపి.

"సరే," అన్నాడు లచ్చిరాం. "మనుషులే దాటుతరు. గాని మంద ఎందుకు రాలేదని అమ్మ అడుగుతది. జవాబుండాలె. ఈ ఏడు ఈ తప్పు యాడ మొదలైందో ఎవలో ఒకలు ఒప్పుకోవాలె." అతని వేలు కోటేష్ వైపు తిరిగింది. "నీ కొడుకు అందరికంటే ముంగట నడవాలె. నా సూదితోనే తప్పు జరిగింది, నాదే తప్పు అని రేపు ఏడు రాళ్ళ ముంగట అనాలె. గదే మాట ఇప్పుడు ఈడ, నలుగురి ముంగట అనాలె. అన్నడా, పశువులు గాట్ల కాడనే ఉంటయ్. అనలేదా, పొద్దు పొడవంగనే పలుపులిప్పుతం."

"నాయక్!" అన్నది సోమ్లి.

"నువ్వు చెప్పింది నేనిన్న సోమ్లీ. నేను చెప్పింది నువ్వినాలె."

 మోకాళ్ళ మీద నడవమన్నా కోటేష్ నడిచేవాడు. గుగ్గిళ్ళు నెత్తిన కుమ్మరించమన్నా తల వంచేవాడు. అవి అతని నమ్మకాలు కావు గనుక వాటి వల్ల అతనికి పోయేదేమీ లేదు. కానీ ఈ మాట వేరు. ఇది అబద్ధం. ఈ అబద్ధం అతని నోటితో, ఏడు రాళ్ళ సాక్షిగా వెలువడిన తరువాత, ఈ తండాలో ఏ కొట్టమూ ఇక సూదికి తలుపు తెరవదు. పశువులకే కాదు, పసిబిడ్డలకు చుక్కల మందు పట్టుకొని నర్సమ్మ వచ్చినా, "కోటేషే ఒప్పుకున్నడు గద" అంటారు. అనకపోతే? రేపు పొద్దున మంద కదులుతుంది. ఎల్లుండికి కొట్టాలు ఖాళీ అవుతాయి. డాక్టరు మందులతో వచ్చేసరికి వైద్యం చేయడానికి ఏమీ మిగలదు.

పైగా, ఎందుకు పని చేయలేదు ఆ టీకా? సీసాల మీద తేదీ చూశాడు. మోతాదు చూశాడు. సూదులు ఉడకబెట్టాడు. చుట్టుపక్కల ఫ్రిజ్ ఉన్న ఇల్లు ఒక్కటే గనుక, వెంకటరామారావు భార్య సుబ్బరత్నాన్ని బతిమాలి, టీకా పొడవడానికి ముందురోజు రాత్రికి మందు పెట్టెను ఆ ఇంటి ఫ్రిజ్ కింద అరలో పెట్టించాడు. అంతకు మించి ఏం చేయాలి? ఎక్కడ జరిగిందో తెలియని తప్పు తనది కాదని గట్టిగా ఎలా అనగలడు? ఎవరికి తెలుసు, తనదేనేమో!

అతను తల్లి వైపు చూశాడు.

"నన్ను సూడకు కొడుకా," అన్నదామె.  "నీ నోటి మాట నేను చెప్పను."

గుంజకు కట్టిన యాట ఒకసారి అరిచింది. వాకిలి అంతటా కళ్ళు. ఎక్కడో ఒక కొట్టంలో ఒక పశువు దగ్గింది. అది దగ్గా, గురకా అని అందరూ ఒకే క్షణంలో చెవులు రిక్కించడం కోటేష్ గమనించాడు. ఆ చెవులే అతని చేత నిర్ణయం చేయించాయి. సత్యాన్ని తరువాత బతికించుకోవచ్చు. పశువులను తరువాత బతికించుకోలేం. 

కోటేష్ నాయక్ వైపు ఒక అడుగు వేశాడు.

"తప్పు..." అన్నాడు. 

"అనేసెయ్ కోటేసూ," అన్నాడు వెంకటరామారావు కుర్చీలో ముందుకు వంగి, ఆప్యాయంగా, ధైర్యం చెబుతున్నట్టు. "ఒక్క మాట నీ మీద వేసుకుంటే ఏం పోతుంది? ఊరు చల్లగా ఉంటుంది. ఆ మాటకొస్తే మందు దగ్గర మా ఇంట్లో ఏ లోపమూ జరగలేదని నేనే సాక్ష్యం. నువ్వు పెట్టె కింద అరలో పెట్టి వెళ్ళావా? రాత్రి కరెంటు పోతే వేడెక్కి పాడవుతుందేమోనని, నేనే నా చేత్తో తీసి పై గడిలో ఐసులోకి మార్చాను. తెల్లారేసరికి సీసాలు రాళ్ళలా బిగుసుకున్నాయంటే చూసుకో, అంత చల్లగా ఉంచాను! నువ్వు వచ్చేలోపు మా సుబ్బరత్నం నీళ్ళలో పెట్టి కరిగించి ఇచ్చింది. అంత జాగ్రత్త ఎవరు తీసుకుంటారు చెప్పు?"

జనం మెచ్చుకోలుగా తలలూపారు. సారు శ్రద్ధ అటువంటిది.

 శిక్షణ మొదటి రోజున, బల్ల మీద సీసా పెట్టి చెప్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా కోటేష్ చెవిలో మోగింది. ఈ మందుకు వేడి శత్రువు. గడ్డకట్టడం అంతకంటే పెద్ద శత్రువు. ఒకసారి గడ్డకట్టి కరిగిందా, చూడటానికి మందులాగే ఉంటుంది, లోపల బలం చచ్చిపోతుంది. అటువంటి సీసాను పారబోయండి. పొడిస్తే పొడవనట్టే లెక్క.

ఇల్లిల్లూ తిరిగి, కొమ్ములు పట్టి, తన్నులు తిని, అంత నమ్మకంతో అతను పొడిచింది ఉత్త నీళ్ళు. ఆ మందును నీళ్ళు చేసిన మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చుని, తప్పు నెత్తిన వేసుకొమ్మని దయగా సలహా చెబుతున్నాడు. తానేం చేశాడో ఆయనకు తెలియదు. పాల్వంచ డాక్టరు చేత సొంత గేదెలకు వేరే మందు పొడిపించుకున్నాడు గనుక తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు. 

ఇప్పుడు నిజం చెబితే ఆ కుర్చీలోని మనిషి అలిగి లేచిపోతాడు. యాట పోతుంది, తోటల్లో కూలి పోతుంది, ఇచ్చిన మాటతో పాటు నాయక్ పరువు పోతుంది. తెల్లవారగానే పలుపులు ఊడతాయి. చెప్పకపోతే పశువులు బతుకుతాయి, అబద్ధమూ బతుకుతుంది.

"మాట సగం మింగొద్దు," అన్నాడు లచ్చిరాం. "తప్పు ఎవలది?"

సోమ్లి కొడుకు ముఖం మారడం చూసింది. ఎందుకు మారిందో ఆమెకు అర్థం కాలేదు. 

కోటేష్ నాయక్ వైపు చూడలేదు. మెల్లగా కుర్చీ వైపు తిరిగాడు.